ఊరి బడి ఎవరిది? గ్రీస్ కొండ పల్లెల్లో తాళం పడ్డ తలుపుల చిక్కుముడి

గ్రీస్ కొండ పల్లెల్లో అందరిదీ అని చెప్పుకోదగ్గ కట్టడాలు రెండే ఉండేవి. ఒకటి చర్చి, రెండోది బడి. చర్చి ఎవరిదన్న అనుమానం ఎవరికీ రాదు. దానికి బిషప్ ఉన్నాడు, పూజారి ఉన్నాడు, ఏటా జరిగే తిరునాళ్లుంది. బడి సంగతి అలా కాదు. పిల్లలు ఉన్నన్నాళ్లూ అది ఎవరిదని ఎవరూ అడగలేదు. పిల్లలు పోయి, తలుపుకి తాళం పడి, పైకప్పు పెంకులు జారడం మొదలయ్యాక "దీన్ని ఎవరు బాగు చేయించాలి, ఇందులో ఏం పెట్టుకోవచ్చు, అసలు అనుమతి ఎవరిని అడగాలి" అని కదిలిస్తే మాత్రం ఒక్కో కాగితం ఒక్కో పేరు చెబుతుంది. చాలా ఊళ్లలో ఆ కాగితం కూడా ఉండదు.

ఆ దేశంలో పాత బడుల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా రెండు రాగాలే తీస్తారు. ఒకటి, పల్లెలు ఖాళీ అయిపోతున్నాయన్న విచారం. రెండోది, రాతి గోడల అందం చూసి మురిసిపోవడం. రెండింటిలోనూ నిజం ఉంది, కానీ తాళం ఎందుకు తెరుచుకోవడం లేదో రెండూ చెప్పవు. దానికి జవాబు ఆ భవనం గడిపిన బతుకుల్లో ఉంది. ప్రతి కాలమూ దానికి ఒక కొత్త పని అప్పగించింది, పనితోపాటు ఒక కొత్త హక్కుదారుణ్ణీ తగిలించింది. పాత హక్కుదారుణ్ణి మాత్రం ఎవరూ తొలగించలేదు.

మద్రాసు ఇసుక

కథ 1828లో, స్వతంత్ర గ్రీస్ తొలి పాలకుడు ఇయోన్నిస్ కపోడిస్ట్రియాస్ ఏజినా ద్వీపంలో దిగినప్పుడు మొదలవుతుంది. దేశం యుద్ధంతో బూడిదై ఉంది, అనాథ పిల్లలు వేలల్లో ఉన్నారు, చదువు చెప్పేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. తక్కువ ఖర్చులో ఎక్కువమందికి అక్షరాలు నేర్పే పద్ధతి ఆయనకి కావలసివచ్చింది. అప్పటికే యూరప్ అంతా మాట్లాడుకుంటున్న పద్ధతి ఒకటి ఉంది: ఒక పెద్ద హాలు, ఒకే ఉపాధ్యాయుడు, వందమంది పిల్లలు. ముందు నేర్చినవాడు వెనకవాడికి నేర్పుతాడు. పసివాళ్లు ముందు బల్లల మీద పరిచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారు, తర్వాత పలక పడతారు, కాగితం ఆఖరికి. చదవడానికి గోడల వెంట అర్ధవృత్తంలో గుంపులుగా నిలబడి, వేలాడదీసిన పటం చూస్తూ అప్పజెబుతారు.

తెలుగు పాఠకులకి ఇది ఎక్కడో విన్నట్టు అనిపిస్తే వింతేమీ కాదు. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతగురువు, దగ్గర్లోని ఒక దేశవాళీ బడిలో పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేళ్లతో రాయడం చూశాడు. మన వీధిబళ్లలో తరతరాలుగా జరిగినదే అది: పంతులుగారు ఒక్కరే, పెద్ద పిల్లలు చిన్నపిల్లల చేత దిద్దించడం. బెల్ దాన్ని ఆశ్రమంలో అమలు చేసి, 1797లో లండన్‌లో పుస్తకంగా అచ్చు వేయించాడు. జోసెఫ్ లాంకాస్టర్ అనే ఇంగ్లీషువాడు ఇలాంటి పద్ధతినే పెద్ద ఎత్తున నడిపాడు. అది లండన్ నుంచి పారిస్‌కి పాకింది. 1830లో ఇయోన్నిస్ కొక్కోనిస్ అనే గ్రీకు పండితుడు ఫ్రెంచ్ మార్గదర్శిని ఒకదాన్ని గ్రీకులోకి తెచ్చాడు, అదే బడులకి అధికారిక నియమావళి అయింది. బల్లలు ఎలా వేయాలి, హాలు ఎంత ఉండాలి అన్నది కూడా ఆ పుస్తకాన్ని బట్టే. మన పంతుళ్లకి దక్షిణ ఎవరూ ఇవ్వలేదు కానీ, వాళ్ల ఇసుక మాత్రం అలా మధ్యధరా సముద్రం దాకా వెళ్లింది.

ఈ హాలు సంగతి గుర్తుపెట్టుకోవాలి. పిల్లలు పోయాక ఆ భవనాలకి దొరికిన రెండో బతుకులన్నీ, కొన్ని మంచివి కొన్ని ఘోరమైనవి, ఊరందరూ పట్టే ఒకే ఒక్క గది అక్కడ ఉండడం వల్లనే దొరికాయి.

1834లో, జర్మన్ ప్రాంతమైన బవేరియా నుంచి తెచ్చిన ఒట్టో రాజు పేరిట ఆ బవేరియన్లే పాలిస్తున్న కాలంలో, ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు బడికి వెళ్లాలంది. బడిని పోషించే భారం మాత్రం స్థానిక పురపాలికల మీద పెట్టింది. ఆదేశం రాజధానిది, ఖర్చు ఊరిది. ఈ చిక్కుముడిలో మొదటి ముడి ఇదే.

1880ల నాటికి పిల్లలే పిల్లలకి నేర్పే పద్ధతి వెనకబడింది. తరగతికో ఉపాధ్యాయుడు ఉండాలన్నారు. అంటే హాలు చాలదు, గదులు కావాలి. 1898లో దిమిత్రియోస్ కాలియాస్ అనే ఇంజనీరు ప్రభుత్వం కోసం నమూనా పటాలు గీశాడు. ఒక గది బడి నుంచి ఎన్నో గదుల బడి దాకా, ఊరి జనాభాని బట్టి ఎంచుకోవచ్చు. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు, సమానమైన ముందుభాగం, కొన్నిటికి ద్వారం మీద ప్రాచీన గ్రీకు గుడి ముందుభాగాన్ని తలపించే త్రికోణం. ఈరోజు గ్రీస్‌లో ఎక్కడో కొండ మలుపులో రాతి బడి కనబడితే, అది ఆ పటాల సంతానమో వాటిని చూసి కట్టిందో అయ్యే అవకాశం ఎక్కువ. డబ్బు చాలాచోట్ల 1899లో చనిపోయిన ఆంద్రియాస్ సింగ్రోస్ అనే బ్యాంకరు ఆస్తి నుంచి వచ్చింది. 1911 రాజ్యాంగం ప్రాథమిక విద్యని నిర్బంధం, ఉచితం చేసింది. 1929 చట్టం ఆరేళ్ల ప్రాథమిక బడిని స్థిరపరిచింది. వెంటనే ప్రధాని వెనిజెలోస్ ప్రభుత్వంలో విద్యామంత్రి జార్జ్ పాపాంద్రేయు దేశమంతా బడులు కట్టించే పని ఎత్తుకున్నాడు.

ఎత్తుకున్నది ప్రభుత్వమే, కానీ రాళ్లు ఎత్తింది ఊరివాళ్లు. పటమూ ఉపాధ్యాయుడి జీతమూ రాజధాని నుంచి వచ్చేవి. రాయి, సున్నం, దూలాలు, కంచర గాడిదలు, ఇంటికిన్ని రోజుల ఒళ్లు వంచిన పని, ఇవి ఊరు ఇచ్చేది. చలికాలం పిల్లలు పుస్తకాలతోపాటు పొయ్యిలోకి తలా ఒక కట్టె పట్టుకెళ్లేవారు. తాతలు రాళ్లు మోసిన బడిని "మాది" అనుకోవడానికి ఏ ఊరికైనా దస్తావేజు ఎందుకు? ఆ మాట న్యాయంగా సరే, చట్టంలో మాత్రం చోటు లేదు.

పరాయి గడ్డ మీద పుట్టిన బడులు

పైన చెప్పినదంతా దక్షిణ గ్రీస్ మాట. ఉత్తరాన ఎపిరస్‌లో చాలా భాగం, మాసిడోనియా 1912–13 బాల్కన్ యుద్ధాల దాకా ఒట్టోమన్ సుల్తాను చేతిలోనే ఉన్నాయి. అక్కడ గ్రీకు బడిని నడిపింది గ్రీకు ప్రభుత్వం కాదు. ఊరి పెద్దలు, చర్చి, పరదేశంలో గడించిన కొడుకులు. ఎపిరస్‌లోని జాగోరి పల్లెలు దీనికి నిండు ఉదాహరణ. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ 46 ఊళ్ల సమూహం నుంచి మగవాళ్లు రొమేనియాకి, రష్యాకి, ఈజిప్టుకి వర్తకానికి పోయేవారు. డబ్బు సంపాదించినవాడు సొంత ఊళ్లో వంతెనో బడో కట్టించకపోతే పరువు ఉండేది కాదు.

పాపింగో అనే ఊరి పశువుల కాపరి కొడుకు మిఖైల్ అనాగ్నోస్తోపులోస్ అమెరికా వెళ్లి, మైకేల్ అనాగ్నోస్‌గా పేరు కుదించుకుని, బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలకి సంచాలకుడయ్యాడు. 1887లో హెలెన్ కెల్లర్‌కి చదువు చెప్పడానికి ఆనీ సలివన్‌ను పంపింది ఈయనే. తన ఊళ్లో కట్టించిన బడులకి తల్లి పేరు పెట్టాడు. అప్పటికి ఆ ఊరు గ్రీస్‌లో లేదు. అలాంటి బడి ఎవరిది? దాతదా, ఊరిదా, సుల్తాను నుంచి నేలని గెలుచుకున్న ప్రభుత్వానిదా?

ఈ ప్రశ్న ఊసుపోక అడిగేది కాదు. గ్రీస్ రాజ్యాంగంలోని 109వ అధికరణం ప్రకారం ప్రజాహితానికి రాసిచ్చిన ఆస్తి విషయంలో వీలునామా షరతులను మార్చకూడదు. ఆ షరతు నెరవేరే వీల్లేదని తేలితేనే కోర్టు మినహాయింపు ఇవ్వగలదు. "ఊరి పిల్లల చదువు కోసం" అని ఒక వర్తకుడు నూటయాభై ఏళ్ల కిందట రాసిపోతే, చదివే పిల్ల ఒక్కతీ లేని ఊళ్లో ఆ హాలులో కాఫీ హోటల్ పెట్టాలన్నా కోర్టు గడప తొక్కాల్సిరావచ్చు. ఇలాంటి ఆస్తుల నిర్వహణకి 2013లో ప్రత్యేక చట్టమే చేశారు. దాత మాటకి ఇంత విలువనివ్వడం గొప్ప సంగతే. కానీ ఆ దాతే బతికుంటే పైకప్పు కూలనివ్వడని కూడా అనిపిస్తుంది.

హాలులో పార్లమెంటు, హాలులో మంటలు

యుద్ధం ఆ భవనాలని ఎలా వాడుకుందో రెండు చోట్లు చెబితే చాలు.

కార్పెనీసి పట్టణం దగ్గర కోరిస్హాదెస్ అనే చిన్న ఊరుంది. జర్మన్ ఆక్రమణ కాలంలో చుట్టూ ఉన్న కొండలు ప్రతిఘటన దళాల చేతిలో ఉండేవి. 1944 ఏప్రిల్‌లో రహస్యంగా ఎన్నికలు జరిపారు. గ్రీస్‌లో దేశవ్యాప్త ఓటింగులో మహిళలు తొలిసారి పాల్గొన్నది అప్పుడే. గెలిచినవాళ్లు మే 14న కోరిస్హాదెస్ బడిలో జాతీయ మండలిగా సమావేశమయ్యారు. రాజధానిలో పార్లమెంటు భవనం ఆక్రమణదారుల నీడలో ఉండగా, దేశం పేరుమీద చట్టాలు చేసిన సభ ఒక పల్లె బడిలో కూర్చుంది. ఎందుకు బడిలోనే? ఆ కొండల్లో అంతమంది పట్టే కప్పు మరొకటి లేదు, చర్చిలో రాజకీయ సభ పెట్టడం బాగుండదు. ఇప్పుడది ప్రతిఘటన మ్యూజియం.

రెండోది దక్షిణాన పెలొపొన్నీసస్ ద్వీపకల్పంలోని కలావ్రితా. 1943 డిసెంబర్ 13న జర్మన్ సైనికులు ఊరివాళ్లందరినీ బడికి రమ్మని చాటారు. మరెక్కడికి రమ్మన్నా జనం అనుమానిస్తారు, బడికైతే వస్తారు. అక్కడ పన్నెండు పదమూడేళ్లు దాటిన మగపిల్లల్ని, మగవాళ్లని వేరుచేసి గుట్ట మీదికి నడిపించి కాల్చేశారు. ఊళ్లోనే నాలుగు వందలమందికి పైగా చనిపోయారు. ఆడవాళ్లని, పసివాళ్లని బడిలోనే పెట్టి తలుపులు మూసి నిప్పంటించారు. వాళ్లు మంటల్లోంచి బయటపడ్డారు, బయట ఊరు తగలబడుతోంది. బాగు చేసిన ఆ భవనం ఇప్పుడు ఆ మారణకాండ మ్యూజియం. ఈ రెండు బళ్లకీ "ఇందులో ఏం పెట్టాలి" అన్న సమస్య ఎప్పటికీ రాదు. చరిత్ర వాటిని ఎంచుకుంది. ఏ చరిత్రా ఎంచుకోని వేల బడులదే ఇబ్బంది.

ఖాళీ కావడం ఎలా జరిగింది

ఆక్రమణ వెనకే 1946–49 అంతర్యుద్ధం కొండ పల్లెలని ఊడ్చింది. సైన్యం ఊళ్లకి ఊళ్లనే ఖాళీ చేయించింది. కొందరు తిరిగివచ్చి బడిని మళ్లీ నిలబెట్టారు. అమెరికా సాయంగా వచ్చిన పాలపొడి కాచి పిల్లలకి పోసింది ఆ గదుల్లోనే. ఆ తర్వాత పల్లెని ఖాళీ చేసింది ఆకలే. 1960లో పశ్చిమ జర్మనీతో కార్మికుల ఒప్పందం కుదిరింది. 1950ల నుంచి 70ల నడిమి వరకు దాదాపు పది లక్షలమంది జర్మనీ, ఆస్ట్రేలియా, అమెరికా దారి పట్టారు. అంతకు తగ్గకుండా ఏథెన్స్, థెస్సలోనికి చేరారు.

బడి ఒక్కరోజులో మూతపడదు. ఆరు తరగతులకి ముగ్గురు ఉపాధ్యాయులు ఇద్దరవుతారు, ఇద్దరు ఒక్కరవుతారు. ఆరు తరగతులనూ ఒకే గదిలో ఒక్క మనిషి చూసుకునే బడి గ్రీస్‌లో మామూలు మాట. పత్మోస్ దగ్గరి అర్కి అనే చిన్న ద్వీపంలో కొన్నేళ్లపాటు ఒకే పిల్లవాడికి ఒక టీచర్ పాఠాలు చెప్పారు. 1990ల్లో అల్బేనియా నుంచి వచ్చిన కూలీల పిల్లలు చాలా పల్లె బడులకి ఆయుష్షు పోశారు. దీన్ని గ్రీకులు గట్టిగా ఒప్పుకోవడం తక్కువ. 2011లో, అప్పుల సంక్షోభం నడుమ, 1,933 బడులను కలిపి 1,056 చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2025లో విద్యా సంవత్సరం మొదలయ్యేసరికి, శిశు తరగతుల బడులతో కలిపి, 700కు పైగా బడులు తలుపు తెరవలేదు. వాటిలో చాలావాటిని ప్రభుత్వం రద్దు చేయలేదు, పని నిలిపివేసినట్టు మాత్రమే ప్రకటించింది. పిల్లలు వస్తే మళ్లీ తెరవవచ్చన్న ఆశ అందులో ఉంది. ఆ ఆశ ఉన్నంతకాలం భవనాన్ని మరో పనికి అప్పగించడానికి అధికారుల చెయ్యి ఆడదు.

ఇక కాగితాలు

1990లో వచ్చిన చట్టంతో బడి ఆస్తులు పురపాలికల చేతికి వెళ్లాయి. వినడానికి ముడి విడిపోయినట్టే ఉంది. కానీ అప్పటికి ప్రతి చిన్న ఊరికీ సొంత పంచాయతీ ఉండేది. పురపాలిక అంటే దాదాపు ఊరే. 1997లో ఒకసారి, 2010లో మరోసారి పరిపాలనా సంస్కరణలు వచ్చి వేల పంచాయతీలని కలిపేశాయి. 2011 జనవరికి దేశమంతటికీ మిగిలినవి 325 పురపాలికలు. ఊరు కట్టుకున్న బడి ఇప్పుడు గంట దూరంలోని పట్టణంలో కూర్చున్న మేయర్ ఆస్తి. ఆయన కింద అలాంటి ఖాళీ బడులు పదుల్లో ఉంటాయి, బడ్జెట్‌లో మరమ్మతుల పద్దు ఒకటే.

దీని మీద భూమి రికార్డుల గొడవ. 1995లో మొదలైన జాతీయ భూ సర్వే ప్రతి స్థలానికీ యజమాని ఎవరో తేల్చమంది. అప్పుడు బయటపడ్డాయి పాత సంగతులు: ఈ బడి చర్చి ఇచ్చిన నేల మీద ఉంది, అదిగో ఆ బడి ఒక రైతు నోటిమాటగా వదిలేసిన పొలంలో ఉంది, ఇంకోటి 1923 తర్వాత ఆసియా మైనర్ శరణార్థులకి భూములు పంచినప్పుడు బడి పేరున విడిగా కొలిచి ఇచ్చిన వాటాలో ఉంది. రైతు మనవలు మెల్బోర్న్‌లో ఉంటారు. చర్చి ఇచ్చానంటుంది, వదులుకోలేదంటుంది. యాజమాన్యం తేలని భవనానికి యూరోపియన్ యూనియన్ నిధులు అడగలేరు. నిధులు రాకపోతే కప్పు బాగుపడదు. రాతి గోడకి వాన శత్రువు కాదు, కప్పు లేని రాతి గోడకి మాత్రం వానే మృత్యువు. పైనుంచి నీరు దిగి రాళ్ల మధ్య మట్టిని కడిగేస్తుంది.

ఎవరికైనా తాళంచెవి దొరికిన చోట ఏం చేశారు? అన్నిటికన్నా ఎక్కువగా జానపద మ్యూజియం పెట్టారు. 1991 నుంచి పల్లెల అభివృద్ధి కోసం పెట్టిన యూరోపియన్ లీడర్ పథకం డబ్బు వచ్చింది, దానితో మగ్గం, నాగలి, పాత బల్లలు, పంతులి బెత్తం సర్దిన గదులు తయారయ్యాయి. నా ఉద్దేశంలో ఇవి చాలావరకు బడిని రెండోసారి మూసేశాయి. ప్రారంభోత్సవం రోజు ఊరంతా వస్తుంది. ఆ తర్వాత తాళంచెవి ఎవరి జేబులోనో ఉంటుంది, చూడ్డానికి వచ్చినవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి పోతారు. దాని బదులు వారానికో రోజు డాక్టర్ వచ్చి కూర్చునే గది, చలికాలం ముసలివాళ్లు పేకాడుకునే కాఫీ హోటల్, వలస వెళ్లినవాళ్ల సంఘం ఆగస్టు 15న మేరీమాత తిరునాళ్లకి వంట చేసే చోటు, వీటిలో అందం తక్కువే కానీ తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకునే తలుపున్న భవనంలో కారే చోటు ముందే కనబడుతుంది.

మూతపడ్డ బడికీ చెదరని ఉద్యోగం ఒకటి ఉంది: ఎన్నికలు. గ్రీస్‌లో ఓటింగ్ కేంద్రాలు ఎక్కువగా బడుల్లోనే. లక్షలమంది నగరవాసుల ఓటు ఇంకా సొంత ఊళ్లోనే నమోదై ఉంది. ఓటు రోజున బస్సులెక్కి, కార్లెక్కి వస్తారు. ఒకప్పుడు తాము కూర్చున్న గదిలో ఓటేసి, ఎదురుగా గొర్రెపిల్ల మాంసం తిని, సాయంత్రానికి వెళ్లిపోతారు. కప్పు కారుతోందన్న ఫిర్యాదు మేయర్‌కి సూటిగా చేరే రోజు కూడా అదే.

భవనాన్ని కాకుండా బడినే కాపాడుకోవచ్చు కదా అని అడగవచ్చు. ఎవ్రితానియా కొండల్లోని ఫుర్నా అనే ఊరు ఆ ప్రయత్నం చేసింది. పిల్లలు కరవై ప్రాథమిక బడి మూతపడే దశలో ఊరి పూజారి, టీచర్ కలిసి పిల్లలున్న కుటుంబాలని తరలిరమ్మని బహిరంగంగా పిలిచారు. ఇంటి అద్దెకి సాయం, పని వెతికిపెట్టడం, ఇలాంటి భరోసాలిచ్చారు. కుటుంబాలు వచ్చాయి, బడి మిగిలింది. ఇది ప్రతి ఊళ్లో అయ్యే పని కాదు. అక్కడ ఇద్దరు మనుషులు పూనుకున్నారు, ఖాళీ ఇళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి.

పాత రాతి బడినే నడుపుతూ పోదామనుకునేవాళ్లకి 2021 మార్చి 3 ఒక హెచ్చరిక. థెస్సలీలోని దమాసి అనే ఊళ్లో 1938 నాటి రాతి బడిలో 63 మంది పిల్లలు పాఠాలు వింటుండగా భూకంపం వచ్చింది. గోడలు చీలిపోయాయి. టీచర్లు పిల్లలందరినీ క్షేమంగా బయటికి తెచ్చారు, కానీ ఆ భవనం మళ్లీ బడి కాలేదు. గ్రీస్ భూకంపాల నేల; అందమైన పాత గోడని పిల్లల తలల మీద ఉంచాలా అన్న ప్రశ్నకి ఏ మేయరూ సరదాగా జవాబు చెప్పలేడు.

ఇప్పుడు మూతపడుతున్నవాటిలో రాతి బడుల వాటా తగ్గుతోంది. 1962లో బడుల నిర్మాణానికి ప్రత్యేక సంస్థ ఏర్పడ్డాక ఊరూరా లేచినవి ఒకే మూసలో పోసిన కాంక్రీటు బడులు. చాలా ఊళ్లలో పాత రాతి బడిని వదిలేసి పిల్లలు వాటిలోకి మారారు. రాతి బడికి దాత పేరు, తాతల చెమట, పర్యాటకుల కెమెరా, ఎంతో కొంత అండ ఉంది. అడ్డంగా పరిచిన కప్పు, ఇనుప కిటికీలు, బాస్కెట్‌బాల్ స్తంభం ఉన్న ఆ రెండో బడిని వారసత్వ కట్టడమని ఎవరూ అనరు. మేయర్ల బల్లల మీదికి ఇక రాబోయే దస్త్రాలు ఎక్కువగా వాటివే.